గూటినీళ్లు

పన్నెండేళ్ల కిందట ఒక సాయంకాలం మా ఊరి పాలకేంద్రం ముందు నేనొక మాట చెప్పవలసి ఉండింది. చెప్పలేదు. పెద్ద మాటేమీ కాదు. తూము తిప్పింది నేను. అంతే, మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలూ నోట్లో పెట్టుకునే ఇన్నేళ్లూ అన్నం తిన్నాను, పెళ్లిళ్లకు పోయాను, నవ్వాను, ఊరివాళ్ల చేత మంచివాడు అనిపించుకున్నాను. ఇలాంటివి గుండె మీద బరువుగా ఉంటాయంటారు. నాకు మొదట్లో పంటి సందున ఇరుక్కున్న చేపముల్లులా ఉండేది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోయేది. బరువు తర్వాత వచ్చింది, ఏటికేడూ కొంచెం కొంచెంగా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

పుత్తూరులో నాకొక జిరాక్సు షాపు ఉంది. జిరాక్సు కన్నా అర్జీలు రాయడమే నా అసలు పని. పింఛను ఆగిపోయినవాళ్లు, పట్టాదారు పుస్తకంలో తండ్రి పేరు తప్పుపడినవాళ్లు, కరెంటు స్తంభం ఇంటిమీదికి ఒరిగిందని భయపడేవాళ్లు వచ్చి నా బల్ల పక్కన కూర్చుంటారు. వాళ్లు చెప్పేది విని, పై అధికారికి అర్థమయ్యేటట్టు రాసిస్తాను. ఏ నిజం రాస్తే పనవుతుందో, ఏ నిజం వదిలేస్తే పనవుతుందో నాకు బాగా తెలుసు. ఈ విద్యే నన్ను చెడగొట్టిందా? చెడిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడికి ఈ విద్య దొరికిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మా ఊరు వడమాలపేటకూ పుత్తూరుకూ మధ్య, పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. ఊరికి ముందే చెరువు. చెరువు కట్టే ఊరికి దారి. చెరువు నడుమ నల్లతుమ్మ చెట్లు తోపులాగా ఉండేవి. వానలు పడి చెరువు నిండితే ఆ చెట్లు నడుం దాకా నీళ్లలో మునిగి నిలబడేవి. అప్పుడు దిగేవి పక్షులు. తెల్లకొంగలు, నీటికాకులు, నత్తలు తినే పెద్ద ముక్కుల కొంగలు. చలి తగ్గే వేళకు కొమ్మకొమ్మకూ గూళ్లు, ఎండలు మొదలయ్యే వేళకు గూళ్ల నిండా పిల్లలు. ఆ నాలుగు నెలలూ ఊరంతా రెట్ట వాసన, ఒకటే గోల. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు మొదటి ఏడు ముక్కు మూసుకునేవాళ్లు. రెండో ఏటికి వాసన సంగతే మరిచిపోయేవాళ్లు.

చెరువు నీళ్లకు మా ఊళ్లో వంతులుండేవి. పై మళ్లకు ముందు, కింది మళ్లకు తర్వాత, కాలవ కొసన ఉన్న ఆఖరి మడికి, మా మాటలో కయ్యకు, చివర. అందరి వంతులూ అయిపోయాక చెరువులో మిగిలే నీళ్లను గూటినీళ్లు అనేవారు. తూము రాతి మీద ఒక గాడి ఉండేది. నీళ్లు ఆ గాడి దాకా దిగితే తూము మూసేయాలి. ఆ మిగిలిన నీళ్లు తుమ్మచెట్ల చుట్టూ మొలబంటి లోతున నిలబడేవి. చెట్ల చుట్టూ నీళ్లున్నంత కాలం కుక్కలు గానీ నక్కలు గానీ మనుషులు గానీ గూళ్ల దగ్గరికి పోలేరు. పిల్లలు ఎగిరిపోయిన తర్వాతే ఆ నీళ్లు మనుషులకు. ఎవరి పంట ఎండిపోతున్నా సరే. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు. ఏ కాగితంలోనూ లేదు. కాగితంలో లేనిది లేనట్టే అని నమ్మే మనిషిని నేను.

ఆ గాడిని కాచేవాడు నీరుగంటి. వంతుల ప్రకారం నీళ్లు వదిలే మనిషి. చెరువు కింద సెంటు భూమి లేనివాడే నీరుగంటిగా ఉండాలి, ఉంటే తన కయ్యకే ముందు వదులుకుంటాడని. మా కాలానికి ఆ పని మునిసామిది. అతని నాయనదీ, తాతదీ కూడా అదే పని. పంట నూర్చినప్పుడు ప్రతి కళ్లంలోనూ అతనికి చేటల్లో గింజలు పోసేవాళ్లు. తూము షట్టరు లేపడానికి మూరెడు పొడవున ఇనుప పిడి ఒకటి ఉండేది. అతని ఇంట్లో దూలానికి వేలాడేది. అది నీరుగంటి ఇల్లు దాటకూడదన్నదీ కట్టుబాటే.

మునిసామి బక్కపలచని మనిషి. నోరు మాత్రం పెద్దది. గూళ్లలో కొంగపిల్లలు చేసే రొద విని, "మీ పాలకేంద్రం మీటింగు కంటే నయమే అప్పా, ఒగటి అరిస్తే ఇంగోటి వింటాండాది" అనేవాడు. నాకప్పుడు నలభై లోపు. అతనికి అరవై దాటి ఉంటాయి.

ఇక నా మంచిపని సంగతి. 

మా అన్న కూతురు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనికి పోయేది. తెల్లవారక ముందే కంపెనీ బస్సు పెద్దరోడ్డు మీదికి వచ్చేది. ఆ పిల్లా, ఇంకో ఆరుగురు ఆడపిల్లలూ కట్ట మీద నడిచిపోయి బస్సెక్కాలి. కట్ట పొడవునా కంపచెట్లు దారి మీదికి వాలి ఉండేవి. ఒకరోజు మా అన్న కూతుర్ని రక్తపింజరి కరిచింది. తిరుపతి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. బతికింది. కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది.

ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని అనుకున్నాను, ఎట్లాగైనా కట్ట బాగుచేయించాలని. దీంట్లో అబద్ధం లేదు. ఊరి అభివృద్ధి కమిటీకి కార్యదర్శిని నేనే. అర్జీ మొదలుపెట్టాను. కట్ట మీద కంప కొట్టించి, మట్టి వేయించి, దీపాలు పెట్టించమని రాశాను. అక్కడ ఆపి ఉంటే ఈరోజు మీతో నాకు పని లేదు. చెయ్యి ఆగలేదు. ఒకటి కావలసిన చోట నాలుగు అడిగితే రెండొస్తాయని నా వృత్తి నేర్పిన తెలివి. చెరువు పూడిక తీయాలి, నడకదారి వేయాలి, కూర్చోవడానికి సిమెంటు బల్లలు, పిల్లలకు ఊయలలు, నీళ్లలో తిరగడానికి ఒక పడవ. 'చెరువు నడుమ నిరుపయోగముగా పెరిగిన ముళ్లచెట్లను తొలగించి' అని కూడా రాశాను. వాటి మీద గూళ్లున్నాయని రాయలేదు. 

అన్నీ మంజూరయ్యాయి. ఊరు ఊరంతా సంతోషించింది. ఆడవాళ్లు మా ఇంటికొచ్చి మరీ మెచ్చుకున్నారు. పని మార్చి లోపల మొదలు కావాలి, లేకుంటే నిధులు వెనక్కి పోతాయి. మునిసామి ఒక్కడే పాలకేంద్రం దగ్గర లేచి నిలబడ్డాడు. చెట్లు కొట్టద్దనే హక్కు తనకు లేదనీ, ఈ ఏటి పిల్లలు ఎగిరిపోయాక కొట్టండనీ అడిగాడు. ఊరివాళ్లు ఏప్రిల్ దాకా ఆగుదామన్నారు. ఆగితే నిధులు పోతాయని చెప్పాను. "పోతే పోనీలేబ్బా, వచ్చే ఏడు ఇంగోటి రాద్దువు" అన్నారు తేలిగ్గా. ఆ మాట నాకు ఎంత గుచ్చుకుందో ఎవరూ గమనించలేదు. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. నాకు దక్కబోయేది కొన్ని పక్షిపిల్లల కోసం పోవడమా?

చూశారా, అన్న కూతురి కాలు అప్పటికే నా ఆలోచనలో వెనక్కి పోయింది.

ఫిబ్రవరిలో మునిసామి మొరవ దగ్గర, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే రాళ్ల మీద, జారిపడ్డాడు. కుడిచెయ్యి విరిగింది. నా బండి మీద పుత్తూరు కట్టుకు తీసుకుపోయింది నేనే. ఆరోజు నా మనసులో ఏ చెడ్డా లేదు, నమ్మితే నమ్మండి. కట్టు కట్టే ఆయన ఎముక సర్ది, పసరులో గుడ్డుసొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. మునిసామి పళ్లు కొరుక్కున్నాడు గానీ అరవలేదు. బయటి అరుగు మీద కూర్చున్నాక ఎడమచేత్తో సంచి విప్పి, అందులోంచి తూము పిడి తీశాడు.

"ఇదేంది మునిసామన్నా, చెయ్యి ఇరిగినోడివి గుడ్డలు తెచ్చుకుంటావనుకుంటే ఇనుము మోసుకొచ్చినావే?" అన్నాను.

"ఇంట్లో పెట్టొస్తే ఉంటాదా అప్పా అది? ఆఖరి కయ్య మా అల్లునిది గదా. సెనక్కాయ ఎండిపోతాండాది. పొద్దున లేస్తే వాని కండ్లు ఈ పిడి మీదే. వాన్ని తిట్టి పంపిస్తా, సరే. నా బిడ్డ కాంతమ్మ వచ్చి 'నాయనా, రెండు గంటలు వదులు నాయనా' అంటే ఎన్నాళ్లు లేదంటా?"

"అయితే ఏం చేస్తావు?"

"పదైదు దినాలు ఈడనే మా సెల్లెలింట్లో ఉండాలంట. కట్టు మార్సాలంట. అందాకా నీ కాడ పెట్టుకో. మీ ఇంటికొచ్చి అడిగేంత ధైర్నం మా అల్లునికి లేదు."

"పిడి నీరుగంటి ఇల్లు దాటకూడదంటారే?"

"దాటకూడదు. మా నాయన బతికుంటే ఈ రెండో సెయ్యి కూడా ఇరగ్గొట్టుండు. నువ్వెవురికీ సెప్పద్దు, నేనూ సెప్పను. పిల్లలు రెక్కలు ఇదిలిస్తాండాయి. ఇంగో నెల. ఆమీట మీ జేసీబీ గీసీబీ ఏందన్నా దించుకోండి."

"సరే" అన్నాను.

"సరే అంటే సాలదు. సెయ్యి ఎయ్యి."

చెయ్యి చాపాను. "కట్టు మీద ఎయ్యబాక అప్పా, మల్లా సర్దాలంటే నా పానం పోతాది" అని నవ్వి, ఎడమచెయ్యి ముందుకు పెట్టాడు. దాని మీద చెయ్యి వేశాను.

పిడి మా ఇంట్లో బీరువా వెనక ఉంది. నాలుగు రోజులు దాని వైపు చూడలేదు. అయిదో రోజు పని చేయించే కాంట్రాక్టరు ఫోను చేసి, చెరువు ఎండకపోతే యంత్రం దించలేననీ, వేరే ఊరి పని చూసుకుంటాననీ అన్నాడు. ఆ తర్వాత నాలో ఏం జరిగిందో సరిగ్గా చెప్పాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఊరి మేలు కోసమే కదా అనుకున్నాను, ఆడపిల్లలు భయం లేకుండా నడుస్తారనుకున్నాను, పిల్లలు సగం ఎగిరే ఉంటాయనుకున్నాను, కొంగలకు ఇంకో చెరువు దొరక్కపోతుందా అనుకున్నాను, ఇన్ని అనుకుంటూ ఉంటే వీటన్నిటి అడుగున ఇంకొకటి ఉంది, కట్ట మొదట్లో నిలబెట్టే శిలాఫలకం మీద కార్యదర్శి అని నా పేరు. దాన్ని మాత్రం పైకి అనుకోలేదు. అనుకోకుండానే దాని మాట విన్నాను.

పక్క ఊళ్లో పశువుల పండగ వచ్చింది. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, కుర్రవాళ్లు ఎగబడి వాటిని లాక్కోవాలి. ఆరోజు మా ఊళ్లో మగవాళ్లు ఎవరూ మిగలరు. మిట్టమధ్యాహ్నం సంచిలో పిడి పెట్టుకుని కట్ట మీదికి పోయాను. తూము దగ్గర దిగి పిడి తగిలించి తిప్పాను. మొదట కదల్లేదు. తర్వాత కదిలింది. నీళ్లు గుడగుడమని కాలవలో పడ్డాయి. చెట్ల మీద పిల్లలు ఎప్పటిలాగే అరుస్తున్నాయి. ఒక పెద్దకొంగ వచ్చి గూటి అంచున వాలి, గొంతులోంచి కక్కి పిల్లకు పెడుతోంది. చూశాను. చూడలేదని మీతో అబద్ధం చెప్పలేను. చూసి, ఇంకో నాలుగు చుట్లు తిప్పాను.

ఇంటికొచ్చి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పశువుల పండగకు పోయాను. నలుగురి కంట్లో పడాలని ముందు వరసలో నిలబడ్డాను.  పాపం చేసినవాడు వణుకుతాడంటారు. నేను చెరుకురసం తాగాను.

మరునాడు చూశారు జనం. మూద్దామంటే పిడి లేదు. మునిసామి ఇంట్లో దూలం ఖాళీ. అల్లుణ్ణి పట్టుకుని అడిగారు, తెలియదన్నాడు. అందరితో పాటు నేనూ వెతికాను. అవును, వెతికాను. వాళ్ల గడ్డివాము కూడా కదిలించి చూశాను. మునిసామికి కబురు పెట్టారు. మూడోరోజు బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"పిడి ఇయ్యి" అన్నాడు. అంతే. 

ఇచ్చాను. మరలకు బురద అంటుకుని ఉంది. తుడవాలని నాకు తట్టలేదు. దాన్ని బొటనవేలితో గీకి చూశాడు. నా ముఖం వైపు చూడకుండా పోయి ఎడమచేత్తో తూము మూశాడు. అప్పటికి మూయడానికి చెరువులో ఏమీ లేదు.

బురద గట్టిపడగానే కుక్కలు చేరాయి. వాటి వెనక నక్కలు. ఆ వెనక పక్క ఊళ్ల నుంచి గోనెసంచులతో మనుషులు వచ్చారు. కొమ్మలు ఊపితే పిల్లలు రాలేవి. ఇంకో నెల ఆగితే ఎగిరేవి. పెద్దపక్షులు పైన వారం రోజులు తిరిగాయి. అరుపు లేదు. తిరిగేవి, అంతే. ఒకరోజు చూస్తే లేవు.

ఆ వారమే పాలకేంద్రం దగ్గర మీటింగు పెట్టారు. సాయంకాలం పాలు పోసే వేళ, అందరూ క్యాన్లతో అక్కడే ఉంటారు కాబట్టి. మినిట్సు రాసేవాణ్ణి నేను. పాలకేంద్రం ప్రెసిడెంటు గంగిరెడ్డి మొదలుపెట్టాడు.

"పిడి నీ సేతిలోనే ఉండాదే మునిసామీ. మరి తూము ఎట్ట లేసింది? కొంగలే దిగొచ్చి తిప్పుకున్నాయా?"

కొందరు నవ్వారు. వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "కొంగలకేం కర్మబ్బా. పోయి ఆఖరి కయ్య సూడండి. అల్లుని సెనక్కాయ పెండ్లికొడుకు మాదిరి కళకళలాడతాండాది."

నిజమే. నేను వదిలిన నీళ్లు కాలవ వెంబడి పోయి చివరికి అక్కడే చేరాయి. అది నేను అనుకోలేదు. 

"నా అల్లుడు తిప్పలా" అన్నాడు మునిసామి.

"అయితే ఎవురు తిప్పినారు? పేరు సెప్పు."

అప్పుడు నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఒక క్యాను నిండేంత సేపు అనిపించింది. నా చేతిలో కలం ఉంది. ముందు పుస్తకం ఉంది. నా నోరు ఎప్పుడూ అవసరానికి మించి పనిచేసేదే. ఆరోజు పనిచేయలేదు.

"పిడికి నేను జవాబుదారీ" అన్నాడు. "ఎవురు తిప్పినా నేను తిప్పినట్టే. రాసుకోండి."

రాసుకున్నాను. 'నీరుగంటి మునిసామి తన తప్పును ఒప్పుకొనెను' అని రాశాను. అతను అన్నది అది కాదు. ఆ కింద అతని వేలిముద్ర కూడా నేనే వేయించాను. చెయ్యి పట్టుకుని.

ఆ సాయంకాలమే, ఇంక పిల్లలే లేవు కదా, చెట్లెందుకు ఆపడం, మిషను రమ్మనండి అన్నారు. గూటినీళ్లు దొంగిలించాడని ఒక మనిషి మీద మండిపడిన నోళ్లే అన్నాయి. ఎవరికీ అందులో వింత కనబడలేదు. 

చెట్లు పోయాయి. నడకదారి వచ్చింది. శిలాఫలకం వచ్చింది. నాకు శాలువా కప్పారు. మునిసామికి కళ్లంలో గింజలు పోయడం మానేశారు. ఏళ్ల తరబడి బంధువులకు నీళ్లు వదిలి ఉంటాడని గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు, లేనివి కూడా గుర్తుకు తెచ్చుకున్నారు. చేయని పనికి మాట పడాల్సి వచ్చిందని అల్లుడు అతనితో మాట్లాడటం మానేశాడు. రెండేళ్లకు కూతురూ అల్లుడూ ఆ కయ్య కౌలుకిచ్చి వడమాలపేటకు వెళ్లిపోయారు. మునిసామి తిరుపతిలో ఒక కల్యాణమండపం గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. నీళ్లు పంచిన మనిషి అక్కడ కార్లు ఎక్కడ నిలపాలో చూపించేవాడట.

ఎందుకు నా పేరు చెప్పలేదు? పిడి ఇల్లు దాటించానని ఒప్పుకోవడం అతనికి అంతకంటే పెద్ద తప్పుగా తోచిందా? చెప్పినా నమ్మరని తెలుసా, అర్జీలు రాసే నా మాట ముందు అతని మాట నిలవదని? లేక నేనే చెబుతానని చివరిదాకా ఎదురుచూశాడా? మూడోది నిజమైతే దానికంటే పెద్ద శిక్ష లేదు. నాకు మూడోదే నిజమనిపిస్తుంది.

ఆ పార్కు మూడేళ్లు కూడా నిలవలేదు. దీపాల బ్యాటరీలు ఎవరో విప్పుకుపోయారు. పడవ ఒక వేసవిలో బురదలో కూరుకుని అక్కడే పుచ్చిపోయింది. బల్లల మీద తాగుబోతులు కూర్చుంటారని ఆడవాళ్లు అటు పోవడం మానేశారు. కంపెనీ బస్సు ఇప్పుడు ఊళ్లోకే వస్తుంది, కట్ట మీద నడిచే పనే లేదు. కట్ట మీద కంప మళ్లీ మొలిచింది. తుమ్మలు మొలవలేదు. అన్న కూతురు ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు కట్ట వైపు చూసి, "నేను కంప కొట్టించమనే గదా చిన్నాయనా అడిగింది. ఆ కొంగల గోల ఉంటే తెల్లారుజామున తోడున్నట్టే ఉండేది మాకు" అంది. ఆ పిల్లకేం తెలుసు? తెలియకుండానే అంది. నేను లేచి లోపలికి పోయాను.

ఈ ఏడు ఊరి కుర్రాళ్లు పార్కును బాగుచేస్తామని చందాలు పోగుచేశారు. మంచి పిల్లలే. మా చెరువుకు ఒకప్పుడు పక్షులు వచ్చేవని విని, కట్ట మొదట్లో అయిదు సిమెంటు కొంగలు చేయించి తెల్లరంగు వేయించారు. పక్కన చెరువు చరిత్ర బోర్డు పెడతారట. రాసిమ్మని షాపుకు వచ్చారు. వివరాలు వాళ్లే చెప్పారు. పూర్వం వేల పక్షులు ఉండేవి, నీరుగంటి తన వాళ్ల కోసం దొంగతనంగా నీళ్లు వదిలేయడం వల్ల పిల్లలు చచ్చిపోయి పక్షులు ఊరిని విడిచిపోయాయి. 

"ఇది ఎవరు చెప్పినారు మీకు?" అన్నాను.

"మీరు రాసిన మినిట్సు పుస్తకంలోనే ఉండాది గదా అన్నా" అన్నాడు ఒకడు.

నా చేతిరాతే. ఈ పిల్లలకు అప్పుడు నాలుగైదేళ్లుంటాయి. వీళ్లకు మునిసామి ముఖం కూడా గుర్తుండదు. నేను ఒక సాయంకాలం మింగేసిన మాట బోర్డు కాబోతోంది, ఎనామిల్ రంగులో. ఇంకో తరం చదువుతుంది. రాయనన్నాను. ఎందుకని అడిగారు. రేపు చెబుతానన్నాను. 

మరునాడు వడమాలపేట పోయాను. వాచ్‌మన్ పని మానేశాక మునిసామి కూతురి దగ్గరికే చేరాడని విని ఉన్నాను. 

కూతురి ఇంటి ముందు గోనెపట్టా మీద కూర్చుని మునిసామి చింతపండు గింజలు తీస్తున్నాడు. కంటిచూపు తగ్గింది, వేళ్లతో తడుముతూ తీస్తున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. కట్టు మార్చవలసిన సమయంలో ఊళ్లో పంచాయితీకి రావలసి వచ్చింది కదా. కాంతమ్మ తలుపు దగ్గర నిలబడి నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. 

"పన్నెండేండ్లకు దావ కనపడిందా?" అంది.

అతని ముందు నేల మీద కూర్చున్నాను. నేను చేసిందంతా వరసగా చెప్పాను. పశువుల పండగకు పోయింది, గడ్డివాము వెతికింది, మినిట్సులో మాట మార్చింది. చెబుతున్నంతసేపూ అతని వేళ్లు ఆగలేదు. గింజ తీసి ఒక పక్క, పండు ఒక పక్క. అంతా అయ్యాక తల ఎత్తాడు.

"నాకెందుకప్పా సెప్పేది? నాకు తెలీదా?" అన్నాడు. "తెలీనోళ్లకు పోయి సెప్పు."

ఇంకేమైనా అంటాడని కాసేపు కూర్చున్నాను. అతను మళ్లీ చింతపండులోకి వంగాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను లేస్తుంటే కాంతమ్మ అంది, "ఎప్పుడు సెప్తావో సెప్పు. నాయన రాలేడు. నేనొచ్చి వింటా."

ఆ ఆదివారం అన్నాను.

సాయంకాలం పాలు పోసే వేళకు వచ్చింది. క్యాన్ల వరస వెనక, రోడ్డు అంచున నిలబడింది. గంగిరెడ్డి ముసలివాడైపోయాడు, అయినా కుర్చీ వదల్లేదు. బోర్డు అడిగిన కుర్రాళ్లూ ఉన్నారు. నేను అరుగు ఎక్కి చెప్పాను.   ఎన్నేళ్లుగానో లోపల పదే పదే చెప్పుకున్న మాటలు కాబట్టి చదివినట్టే వచ్చాయి. కొందరు తలలు దించుకున్నారు. కొందరు పాల కొలత చూసుకుంటూనే ఉన్నారు. "ఇప్పుడెందుకబ్బా ఇదంతా, అయిపోయినేటివి తవ్వుకునేది" అన్నాడు గంగిరెడ్డి. కుర్రాళ్లలో ఒకడు నన్ను చూసిన చూపు మాత్రం నాకు గుర్తుండిపోతుంది. అంతవరకూ అన్నా అని పిలిచేవాడు. 

అంతా చెప్పాక అరుగు దిగి, క్యాన్ల మధ్య నుంచి రోడ్డు అంచుకు పోయాను. తేలికైపోతానని అనుకోలేదు. అయినా ఊపిరి కొంచెం లోపలికంటా పోయింది, ఉన్నమాట చెప్పాలి కదా. కాంతమ్మ ముఖంలో ఏమీ లేదు. చేతులు జోడించాను.

"కాంతమ్మా, మీ నాయన ఏ తప్పూ చెయ్యలేదు. నీ మొగుడూ చెయ్యలేదు. మీ పేరు చెడగొట్టింది నేను, మిమ్మల్ని ఈ ఊరు దాటించింది నేను. మన్నించమని అడిగే మొకం నాకు లేదు తల్లీ. తప్పు నాది."